లిన్నేయసు పండితుని వసంత విహారములు

వసంతకాలమున ఒకనాటి యుదయమున చద్దిమూట చేతబట్టుకొని ఊరిదగ్గరి కొండకు పోవుట, దారిపొడుగున పూచిన యడవిపూలను చూచుట, శిఖరమున కూర్చుండి క్రిందనున్న పొలములను, చెరువులను, ఇండ్ల కప్పులను తిలకించుట, ప్రొద్దు గ్రుంకులోపల ఇల్లు చేరుట విద్యార్థులకెల్లరకును ప్రియమైన వినోదము. అయితే పలువురకు ఆ దినము కొలదికాలమునకే మరపునకు వచ్చును. కోసి తెచ్చిన పూలు వాడిపోవును. వాని పేర్లు తెలిసికొనవలెనను తలంపు ఎవనికో యొకనికి గాని కలుగదు. ఇట్టి యొకనాటి నడకలనే పాఠశాలగ చేసి, చెట్టుచేమలకు పేరుపెట్టు శాస్త్రమునకు స్థిరమైన పునాది వేసిన మహనీయుడు స్వీడను దేశమున నుండెను. ఆయనయే కార్ల్ లిన్నేయసు. ఆయన చరిత్రము మన తెలుగు తీరమునకును, మన వంటయింటి కరివేపాకునకును ఎట్లు సంబంధించియున్నదో యీ వ్యాసమును కడవరకు చదివినవారికి తెలియగలదు.

స్వీడను దేశపు దక్షిణభాగమున స్మోలండు అను సీమ కలదు. అడవులును, రాతినేలలును, సరస్సులును నిండిన యా సీమలో రాషుల్ట్ అను పల్లెయందు 1707వ సంవత్సరము మే నెల 23వ తేదీన కార్ల్ జన్మించెను. తండ్రి నీల్సు క్రైస్తవ సంఘకాపరి. తల్లి క్రిస్టీనా సంఘకాపరి కుమార్తె. వారి కుటుంబనామమే యొక వృక్షమునుండి వచ్చినది. నీల్సు విద్యార్థిగ నున్నపుడు తనకొక యింటిపేరు కావలసివచ్చి, తమ పూర్వుల పొలమునందలి యొక గొప్ప లిండు చెట్టును తలచుకొని లిన్నేయసు అను పేరును స్వీకరించెను. ఆయనకు తోటపనియందు మిక్కిలి మక్కువ. తరువాత తాను కాపరియైన స్టెన్‌బ్రూహుల్ట్ గ్రామమున ఇంటిచుట్టు ఆయన పెంచిన తోటలో అరుదైన మొక్కలనేకములుండెను. ఆ తోటలోనే బాలుడు పెరిగెను.

కార్లునకు నాలుగేండ్ల ప్రాయమున జరిగిన యొక చిన్న సంగతి ఆయన జీవితమునకెల్ల బీజమైనది. వసంతమున ఒకనాడు తండ్రి తన బంధుమిత్రులను వెంటబెట్టుకొని మోకెల్న్ సరస్సు తీరమునకు విహారము పోయెను. సాయంకాలమున అందరును పచ్చికపై కూర్చుండగా, నీల్సు చుట్టునున్న పూమొక్కలను చూపి, ప్రతి మొక్కకును ఒక పేరున్నదనియు, వాని వేళ్ళలో నిట్టి విశేషములున్నవనియు చెప్పనారంభించెను. పసివాడు కన్నులార్పక వినెను. ఆనాటినుండి కనబడిన ప్రతి మొక్కనుగూర్చియు తండ్రిని ప్రశ్నించి విసిగింపసాగెను. కాని చెప్పిన పేరును మరునాటికి మరచి మరల నడుగుచుండెను. అందుచేత తండ్రి యొక నియమము పెట్టెను. చెప్పిన పేరును జ్ఞాపకముంచుకొననిచో నిక కొత్తపేరు చెప్పనని గట్టిగ మందలించెను. బాలుడు ఆ మాటకు భయపడి, అప్పటినుండి విన్న ప్రతి పేరును మనస్సున నాటుకొనసాగెను. పేరు లేనిదే వస్తుజ్ఞానము నిలువదని నాలుగేండ్లవాడు గ్రహించిన పాఠమదియే.

పాఠశాలలో మాత్రము కార్ల్ రాణింపలేదు. వెక్షో పట్టణమునకు చదువునకై పంపబడిన యా బాలుడు లాటిను వ్యాకరణమును, వేదాంతపాఠములను విడిచి పొలముల వెంబడి తిరుగుచుండెను. తలిదండ్రులు వానిని తమవలె సంఘసేవకునిగ చేయదలచిరి. కొన్నియేండ్ల కొకపరి తండ్రి కుమారుని చదువు విచారింపవచ్చినపుడు ఉపాధ్యాయులు ఆ పిల్లవాడు గురుపదవికి పనికిరాడనియు, కుట్టుపనికో చెప్పులు కుట్టు పనికో పెట్టుట మేలనియు చెప్పిరి. తండ్రి హృదయము క్రుంగిపోయెను. ఆ సమయముననే ఆయన తన దేహమున కలిగిన యొక రుగ్మతకై రోత్మన్ అను వైద్యునొద్దకు పోయెను. ఆ వైద్యుడు పాఠశాలలో శాస్త్రము బోధించువాడు కూడ గనుక బాలుని నెరిగియుండెను. వానిని వైద్యవిద్యలో ప్రవేశపెట్టినచో గొప్పవాడగుననియు, మిగిలిన పాఠశాల కాలమున భోజనము పెట్టి తానే చదువు చెప్పుదుననియు ఆయన తండ్రిని ఓదార్చెను. ఉపాధ్యాయులలో పలువురు చూడజాలనిది ఒక్కడు చూచెను. ఆ యొక్కని చూపువలననే లోకమునకు లిన్నేయసు లభించెను.

1727లో లుండు విశ్వవిద్యాలయమునను, మరుసటి యేడు ఉప్సాలా విశ్వవిద్యాలయమునను కార్ల్ చేరెను. తండ్రి యిచ్చిన స్వల్పధనము త్వరలోనే వ్యయమయ్యెను. ఒకపూట తిండికి కూడ కష్టమై, అరిగిన పాదరక్షల అడుగున కాగితము మడచి పెట్టుకొని తిరుగవలసిన దుర్దశ పట్టెను. 1729 వసంతమున ఒకనాడు పాడుపడియున్న విశ్వవిద్యాలయపు తోటలో కూర్చుండి అతడు పూలను చూచి వర్ణనలు వ్రాసికొనుచుండగా, ఓలొఫ్ సెల్సియసు అను వృద్ధ పండితుడు అటు వచ్చెను. ఉష్ణమాపకమున మనము వినెడి సెల్సియసు ఈయన సోదరుని కుమారుడే. వృద్ధుడు ఒక మొక్క పిమ్మట నొక మొక్కను చూపి పేరడిగెను. యువకుడు తడువుకొనక సమాధానము చెప్పెను. తాను సేకరించి యెండబెట్టిన మొక్కలు ఆరువందలకు పైగా నున్నవని కూడ తెలిపెను. సెల్సియసు ఆశ్చర్యపడి వానిని తన యింటికి గొనిపోయి, భోజనమును వసతియు నిచ్చి, తన గ్రంథములను చదువుకొననిచ్చెను. మరుసటి వసంతమునకే ఆ పేదవిద్యార్థి తోటలో ఇతరులకు పాఠము చెప్పువాడయ్యెను.

1732వ సంవత్సరమున, నాటి పంచాంగము ప్రకారము మే 12వ తేదీన, తన యిరువదియైదవ జన్మదినమునకు ముందునాడు, లిన్నేయసు ఒంటరిగ గుఱ్ఱమునెక్కి ఉత్తరదేశమగు లాప్‌లండునకు బయలుదేరెను. వెంట కొనిపోయినవి కొన్ని బట్టలు, ఒక భూతద్దము, ఒక దుర్భిణి, మొక్కల నదిమి యెండబెట్టుటకు కాగితములు, ఒక చిన్న కత్తి, ఒక తుపాకి మాత్రమే. బురదనేలలను, వరదల నదులను దాటి, జూలై మాసమున నతడు వల్లివారె అను పర్వతమును చేరెను. దాని నెక్కగనే తానింతవరకు చూచిన వృక్షలోకము ముగిసి క్రొత్తలోకము ఆరంభమైనట్లు తోచెను. ఎడమచేతిని చూచినను కుడిచేతిని చూచినను ఎన్నడును ఎరుగని పూలే. ఇన్నింటిని ఎట్లు కోయుదును, ఎట్లు వర్ణింతునని యతడు కలతపడెను. ఆ పిమ్మట మంచుతో కప్పబడిన శిఖరములను దాటి, పడమటివైపున నార్వే సముద్రతీరమునకు దిగునపుడు, మీద శీతకాలమును క్రింద వేసవియు నొక్కనాడే యతనికి గోచరించెను. ఆ ప్రయాణమున అతడు అడవినీడలయందు ప్రాకెడి యొక చిన్న తీగమొక్కను మిక్కిలి ప్రేమించెను. దాని సన్నని కాడకు జంటగ రెండు గులాబివన్నె గంటపూలు వ్రేలాడును. తరువాత దానికి అతని పేరే పెట్టబడి, అది లిన్నేయా యని వ్యవహరింపబడుచున్నది. అటుపిమ్మట ఆయన చిత్రపటములలో చేతనుండునది ఆ పూవే.

1735లో నతడు హాలండుకు పోయి వైద్యపట్టమును పొందెను. అదే సంవత్సరమున సిస్టేమా నేచురే అను పేర పన్నెండు పుటల మించని పెద్దపలకల గ్రంథమును ప్రకటించెను. ఖనిజములను, మొక్కలను, జంతువులను వర్గములుగ విభజించి చూపిన యా సన్నని గ్రంథముతో నతని పేరు ఐరోపాయంతట వ్యాపించెను. పూవులోని కేసరముల సంఖ్యను బట్టి మొక్కలను ఇరువదినాలుగు తరగతులుగ నతడు విభజించెను. లెక్కపెట్టనేర్చిన బాలుడైనను పూవును విప్పి చూచి దాని తరగతిని కనుగొనవచ్చునుగాన ఆ పద్ధతి యెల్లెడల వ్యాపించెను. 1738లో స్వదేశమునకు తిరిగివచ్చి, స్టాక్‌హోములో వైద్యవృత్తి నవలంబించి, మరుసటి యేడు సారా ఎలిసబెత్ మొరేయా అను కన్యను వివాహమాడెను. 1741లో ఉప్సాలా విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. కాగితము మడచిన చెప్పులతో తిరిగిన నగరముననే అతనికి ఆచార్యపీఠము లభించెను.

ఇక మన ముఖ్యవిషయమునకు వత్తము. స్వీడను దేశమున శీతకాలము దీర్ఘము. మంచు కరగినది మొదలు వేసవి ముగియువరకు గల కొలది మాసములే మొక్కలను చూచుటకు తగిన కాలము. ఆ కాలమున శనివారములందును, కొన్నియెడల బుధవారములందును లిన్నేయసు తన శిష్యులను వెంటబెట్టుకొని నగరము వెలుపలికి పోవుచుండెను. ఇందులకై ఎనిమిది మార్గములు నిర్ణయింపబడెను. ఒక్కొక్క మార్గమును ఒక్క దినమున నడచి రాదగినది. వానిలో నొకటి పాత ఉప్సాలా గ్రామమునకు పోవును. అచట ప్రాచీన రాజుల సమాధులగు మూడు గొప్ప మట్టిదిబ్బలు చిన్నకొండలవలె నిలిచియున్నవి. వాని చెంత నిలిచి చూచినచో చుట్టునున్న సమభూమియు, దూరమున ఉప్సాలా దేవాలయపు గోపురములును కనబడును. మరి కొన్ని మార్గములు అడవులకును, కొన్ని నదీతీరపు పచ్చికబయళ్ళకును పోవును.

ఆ ప్రాంతమున వసంతాగమనము చూడదగిన వేడుక. ఆకులు చిగిర్పకమునుపే తోపులలో నేలయంతట నీలివన్నె హెపాటికా పూలును, వాని వెంట తెల్లని అనెమొనీ పూలును విప్పారును. తరువాత పసుపుపచ్చని ప్రిములా గుత్తులు వచ్చును. నగరమునకు దక్షిణమున కుంగ్సెంగెన్ అను తడిబీడునందు మే మాసమున ఒక వింతపూవు వేలకొలదిగ పూచును. అది తలవంచిన గంటవలె నుండి, దాని ఊదారంగు రేకులపై చదరంగపు పలకవలె గళ్ళుండును. నేటికిని ఆ పూలను చూచుటకు జనులు ఆ బీడునకు పోవుచున్నారు.

ఈ విహారములకు కట్టుబాట్లుండెను. శిష్యులు బరువైన దుస్తులను విడిచి, తేలికయగు నారబట్టల చొక్కాలును, వెడల్పైన అంచుగల టోపీలును ధరింపవలెను. ప్రతివాడును భూతద్దము, కత్తి, గుండుసూదులు, మొక్కలు పెట్టుకొను పెట్టె, వ్రాతపుస్తకము తెచ్చుకొనవలెను. ఉదయమున నిర్ణీతస్థలమున చేరవలెను. ఆలసించినవానికి జుల్మానా కలదు. గురువు చెప్పినది వ్రాయుటకు ఒకడును, క్రమము తప్పకుండ చూచుటకు ఒకడును, పక్షులను కొట్టుటకు ఒకడును నియమింపబడుదురు. బయలుదేరిన పిమ్మట శిష్యులు నలువైపులకును చెదరి వెదకుదురు. కొంతసేపటి కొకపరి అందరును ఒకచోట చేరి, తమకు దొరికిన మొక్కను, పురుగును, రాతిని గురువు ముందు పెట్టుదురు. ఆయన యొక్కొక్కదానిని చేతబట్టి, దాని పేరు, అది పెరుగు తావు, దానివలని యుపయోగము, అది పసులకు మేతయో విషమో, మనుష్యులకు మందో కాదో, జనులు దానినిగూర్చి చెప్పుకొను కథలేవో చెప్పును. మధ్యాహ్నమున నెచటనో విశ్రమించి భోజనము చేయుదురు. సాయంకాలమున టోపీలలో పూలును, టోపీల అంచులకు సూదులతో గ్రుచ్చిన పురుగులును తాల్చి, కొమ్ముబూరలును నగారాలును మ్రోయుచుండ నగరవీథుల వెంబడి ఊరేగింపుగ వచ్చి, తోటవాకిట గురువునకు జయధ్వానములు చేసి విడిపోవుదురు. కొన్ని దినములందు రెండు మూడు వందలమంది యిట్లు నడచిరట. వైద్యవిద్యార్థులు మాత్రమే కాక, ఇతర శాఖల విద్యార్థులును, పరదేశీయులును అందు చేరుచుండిరి.

ఇంతటి సంతోషము అందరకును రుచింపలేదు. 1748లో విశ్వవిద్యాలయపు పెద్దలు కొందరు ఈ వింతవేషములును, ఊరేగింపులును, వాద్యఘోషయు విద్యాగౌరవమునకు తగవనియు, యువకులు వీనివలన ఇతర పాఠములను విడుచుచున్నారనియు అభ్యంతరము చెప్పిరి. ఆ మాట లిన్నేయసు మనస్సును తీవ్రముగ నొప్పించెను. తాను పొద్దుతిరుగునందాక యెండలో నడచి చేయు శ్రమను క్రీడయని తలచిరికదాయని యాయన పరితపించెను. అయినను నడకలు పూర్తిగ నిలువలేదు. 1753లో ఆ యెనిమిది మార్గములనుగూర్చియు, అందు దొరకు మొక్కలనుగూర్చియు ఒక చిన్న గ్రంథము ప్రకటింపబడెను. సంతోషముతో నేర్చినది నిజమైన విద్యకాదను తలంపు ఎంత పాతదో, ఎంత తప్పో యీ సంగతియే సాక్ష్యము. ఆయన శిష్యులు వృద్ధులైన పిమ్మటను ఆ శనివారములను మరువలేదు.

అదే 1753వ సంవత్సరమున లిన్నేయసు తన ప్రధానగ్రంథమగు స్పీషీస్ ప్లాంటారమును ప్రకటించెను. నాటివరకు పండితులు ఒక మొక్కను చెప్పవలెనన్న ఒక వాక్యము చెప్పవలసియుండెను. టమాటా మొక్కను పేర్కొనుటకు, ముండ్లు లేని మెత్తని కాడయు, ఈకవలె చీలిన ఆకులును గల సొలానమని యంతయు పలుకవలెను. ఒక్కొక్క పండితుని వాక్యమొక్కొక్క తీరుగ నుండెను. లిన్నేయసు దాదాపు ఆరువేల మొక్కలకు రెండేసి మాటల పేరు పెట్టెను. మొదటిది కులనామమువంటిది, రెండవది వ్యక్తినామమువంటిది. ఎండలో నడచుచు శిష్యునకు చెప్పుటకును, శిష్యుడు వ్రాసికొనుటకును, మరల జ్ఞాపకముంచుకొనుటకును రెండు మాటలే తగినవి. సరస్సు తీరమున తండ్రి పెట్టిన నియమమునకు కుమారుడిచ్చిన సమాధానమిది యని చెప్పిన తప్పులేదు. 1758లో జంతువులకును ఈ విధముననే పేర్లు పెట్టెను. మన మామిడియు, చింతయు, మఱ్ఱియు, రావియు నేటికిని లోకమంతట ఆయన పెట్టిన పేర్లతోనే శాస్త్రగ్రంథములందు చెలామణి యగుచున్నవి. ఆ పేర్ల చివర కనబడు ఎల్ అను నొక్క యక్షరము లిన్నేయసునకు గుర్తు.

నగరముచుట్టు నడచిన శిష్యులలో కొందరు ప్రపంచముచుట్టు నడచుటకు బయలుదేరిరి. గురువు వారిని చైనా, అరేబియా, అమెరికా, ఆఫ్రికా ఖండములకు పంపెను. ఇది కీర్తికరమేగాని దుఃఖకరము కూడ. టార్న్‌స్ట్రోమ్ అను నతడు 1746లో తూర్పుసముద్రములందలి యొక ద్వీపమున మరణించెను. అతని భార్య బిడ్డలతో దిక్కులేనిదై లిన్నేయసును దూషింపగా, ఆయన యిక పెండ్లికాని వారినే పంపుదునని నిశ్చయించుకొనెను. హసెల్‌క్విస్టు స్మిర్నా సమీపమునను, లోఫ్లింగు దక్షిణ అమెరికాలోను, ఫోర్స్‌కోలు యెమెను దేశమునను యౌవనముననే కన్నుమూసిరి. వారి మరణవార్తలు వచ్చినపుడెల్ల గురువు విలపించెను. వారి వ్రాతలను సంపాదించి ప్రకటించుటకును, ఏదో యొక మొక్కకు వారి పేరు పెట్టుటకును ఆయన ప్రయత్నించెను. పేరు మరువరాదను పాత నియమమును ఆయన మొక్కలవిషయముననే కాక మనుష్యులవిషయమునను పాటించెను.

ఆ శిష్యులలో నొకడు మన తీరమునకు వచ్చెను. బాల్టికు సముద్రప్రాంతమున 1728లో జన్మించిన యోహాన్ గెర్హార్డ్ కోనిగు ఉప్సాలాలో లిన్నేయసునొద్ద చదివి, ఐస్‌లాండు ద్వీపమున మొక్కలను సేకరించి, 1768లో తమిళసీమలోని తరంగంబాడికి డేనుల మిషనునకు వైద్యుడుగ వచ్చెను. అచటి మిషనరీలలో పలువురకు మొక్కలయందు అభిరుచి కలిగించి, దక్షిణదేశపు మొక్కలను సేకరించి గురువునకు పంపుచుండెను. 1778లో మద్రాసునందలి కంపెనీవారు ఆయనను తమ కొలువున చేర్చుకొనిరి. మన సామర్లకోటలో నుండిన విలియం రాక్స్‌బరో వైద్యుడు ఆయనకు మిత్రుడు. కోనిగు వ్యాధిగ్రస్తుడై, 1785 జూన్ 26వ తేదీన కాకినాడ చేరువనున్న జగన్నాథపురమున మరణించెను. రాక్స్‌బరో ఆ పనిని విడువక కొనసాగించి, 1795 మొదలు మన తీరపు మొక్కలనుగూర్చి రంగుచిత్రములతో గొప్పగ్రంథమును ప్రకటించెను. లిన్నేయసు తన శిష్యుని పేర రెండు మొక్కలను నిలిపెను. ఒకటి ఐస్‌లాండు చలినేలపై మొలచు చిన్న మొక్క. రెండవది మన పెరటి కరివేప. 1771లో లిన్నేయసు దానికి బెర్గెరా కోనిగీ యని పేరుపెట్టెను. ప్రతిదినము మన యమ్మలు పోపులో వేయు నా రెమ్మ, తెలుగునేలపై కన్నుమూసిన యొక పరదేశ విద్యార్థి పేరును మోయుచున్నది.

మహాపురుషుల చరిత్రలో గుణములనే చెప్పి దోషములను దాచుట తగదు. లిన్నేయసు మొక్కలను విభజించినట్లే మనుష్యులను కూడ ఖండములను, దేహచ్ఛాయను బట్టి విభజించి, ఒక్కొక్క భాగమునకు గుణదోషములను అంటగట్టెను. అది పరిశీలనవలన పుట్టిన జ్ఞానముకాదు, నాటి యూరోపీయుల గర్వమునుండి పుట్టిన తలంపు. తరువాతి కాలమున దానివలన లోకమునకు కీడు కలిగెను. నేటి శాస్త్రము దానిని త్రోసివేసినది. తన కుమార్తెలకు పాఠశాల చదువు చెప్పించుటకు కూడ ఆయన యిష్టపడలేదు. అట్లయ్యును, పెద్ద కుమార్తె ఎలిసబెత్ క్రిస్టీనా ఒక వేసవి సాయంకాలమున తోటలోని నస్టర్షియము పూలు మసకవెలుతురులో తళుక్కున మెరయుటను కనిపెట్టెను. 1762లో ఆమె వ్రాసిన వ్యాసమును స్వీడను శాస్త్రపరిషత్తు ప్రకటించెను. అప్పటికామెకు పందొమ్మిదేండ్లు. కన్నులు తెరచి చూచువారికి విద్య తానే తలుపు తీయునని ఆ బాలిక తండ్రికే చూపెను.

1758లో లిన్నేయసు ఉప్సాలాకు ఆగ్నేయదిశనున్న హమ్మర్బీ యను గ్రామమున పొలమును ఇల్లును కొనెను. అచట వేసవిలో పరదేశ శిష్యులు చుట్టుపట్ల పల్లెలలో వసించి ఆయనయొద్ద చదువుకొనుచుండిరి. 1766లో ఉప్సాలా నగరమున గొప్ప అగ్నిప్రమాదము సంభవించెను. తన జీవితకాలపు సేకరణలు బూడిదయగునేమోయని భయపడి, ఆయన 1769లో హమ్మర్బీ యింటివెనుక రాతిగుట్టపై ఒక చిన్న రాతిమందిరమును కట్టించి, తన యెండిన మొక్కలను, పురుగులను, గవ్వలను అందుంచెను. అగ్నిభయముచే దానిలో చలిమంట గూడును పెట్టింపలేదు. ఆ గుట్టపైకి శిష్యులను గొనిపోయి పాఠము చెప్పుట ఆయనకు వార్ధక్యమున మిక్కిలి ప్రియమైన పని. సైబీరియానుండి వచ్చిన విత్తనములను ఒకపరి ఆయన యొక యందమైన మొక్కయని నమ్మి నాటగా, వేరొక పసుపుపచ్చని పూలమొక్క మొలచెను. కోరినది రాలేదని దానిని ఆయన పెరికివేయలేదు. ఆ మొక్క హమ్మర్బీ తోటలో తానై వ్యాపించి, నేటికిని ప్రతి వసంతమున ఆ గుట్టక్రింద గుత్తులు గుత్తులుగ పూచుచున్నది.

కడపటి దినములు కష్టముతో గడచెను. 1774లో మొదటి పక్షవాతము వచ్చెను. 1776లో మరల వచ్చినపుడు జ్ఞాపకశక్తి నశించెను. వేలకొలది మొక్కలకు పేరుపెట్టిన యా పండితునకు తన పేరే జ్ఞాపకము రాకపోయెను. తన గ్రంథములను చేతికిచ్చినపుడు, అవి తాను వ్రాసినవని యెరుగక, ఇంతచక్కగ వ్రాసినదెవరోయని మెచ్చుకొనెనట. 1778 జనవరి 10వ తేదీన ఆయన ఉప్సాలాలో మరణించెను. ఆయన దేహము అచటి గొప్ప దేవాలయమున ఖననము చేయబడెను.

చదువరులారా, ఈ చరిత్రమున మనము గ్రహింపవలసినదేమి? నాలుగేండ్ల పసివానికి తండ్రి పేర్లు చెప్పెను. పసివాడు జ్ఞాపకముంచుకొనెను. పెద్దవాడై వందలమందికి చెప్పెను. వారు జ్ఞాపకముంచుకొని భూమి నలుమూలలకు గొనిపోయిరి. చివరకు చెప్పినవానికే జ్ఞాపకము తప్పినను, చెప్పినది లోకమునుండి తప్పిపోలేదు. విద్య దాచుకొనువానియొద్ద నశించును, పంచుకొన్నవారియొద్ద నిలుచును. తనకు మిగులనిది శిష్యులకు మిగులుట గురువునకు కలిగెడి గొప్ప లాభము.

ఆయన నడచిన దారులు మనకు దూరము. ఆ నీలిపూలు మన యెండలకు బ్రతుకజాలవు. కాని మనకును కొండలున్నవి. ఫాల్గుణమాసమున ఆకురాల్చిన మోదుగ నిప్పువన్నె పూలతో నిండును. బూరుగకొమ్మల నెఱ్ఱని పూలకు పక్షులు గుంపులు కట్టును. తొలకరి కురిసిన పిమ్మట గట్లమీద పేరెరుగని చిన్నపూలెన్నియో తలలెత్తును. ఈ సంవత్సరము సెలవులలో ఏ గుట్టనైన నెక్కువారు, శిఖరమున కూర్చుండి ఊరిని చూచి సంతసించిన పిమ్మట, దిగివచ్చునపుడు ఒక్కసారి నేలవైపు కూడ చూతురుగాక. ఒక్క మొక్క పేరును తల్లినో, తాతనో, పసులకాపరినో అడిగి తెలిసికొందురుగాక. తెలిసికొన్న దానిని మరువక, ఇంటనున్న చిన్న తమ్మునకో చెల్లెలికో చెప్పుదురుగాక. ఆ సాయంకాలమున వంటయింటిలో కరివేపాకు వాసన వచ్చినపుడు, జగన్నాథపురమున కన్నుమూసిన కోనిగును, ఆయన పేరును ఆ రెమ్మకు ముడివేసిన గురువును ఒక్క క్షణము తలచుకొందురుగాక.